శనగగింజంత గ్రంథిలో మచ్చ: గడ్డా, నీటితిత్తా?

కొవ్వూరు నుంచి మాట్లాడుతున్నా. మా పిన్ని గోదావరి దాటి రాజమండ్రిలో ఎమ్మారై తీయించుకుంది. తలలో పీయూష గ్రంథిలో మచ్చ ఉందన్నారు. ఇంటిల్లిపాదీ హడలిపోయాం.

అక్కడ మచ్చలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కానీ ఒకటి కావు. సరిగ్గా మధ్యలో, పల్చటి గోడతో ఉండి, కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇచ్చినా లోపల వెలగకపోతే రాత్కే తిత్తి అనుకుంటారు. పక్కకి ఒరిగి, లోపల అడ్డుగోడలుంటే అడినోమా వైపు మొగ్గుతారు. సున్నం పేరుకుంటే క్రేనియోఫారింజియోమా అనుమానం. ఆ సున్నం ఎమ్మారైలో సరిగా తెలీదు, సీటీలో తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండో స్కాన్ రాస్తే డబ్బుల కోసమే అనుకోకండి, నేనైతే అనుకున్నా!

చిన్న తిత్తి ఇబ్బంది పెట్టకపోతే ఊరికే గమనిస్తారు. ప్రొలాక్టిన్ వదిలే అడినోమా చాలాసార్లు మాత్రలకే తగ్గుతుంది. అయితే ఆ హార్మోన్ సంగతి చెప్పేది రక్తపరీక్షే, బొమ్మ కాదు.

పిన్నిది తిత్తేనన్నారు. ఆర్నెల్లకి మళ్లీ స్కాన్.