రెండు గంటల్లో ఏం చూశావు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన కార్యదర్శి ఫోన్ చేసి, "అమెరికాలో ఉంటావు కదా, ఏదైనా టెక్నాలజీ మీద పది నిమిషాలు మాట్లాడు" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా నా పని కరెంటు సబ్‌స్టేషన్ల డిజైను. దాని గురించి మాట్లాడితే భోజనాల వేళకు మీలో ఒక్కరు కూడా మేలుకుని ఉండరు. అందుకని మా ఆవిడా నేనూ కిందటేడు చేసిన ఒక ప్రయాణం గురించి చెబుతాను.

ముందు ఒక పాత సంగతి. తొమ్మిదో తరగతిలో మమ్మల్ని ఒక్కరోజు ఎక్స్‌కర్షన్‌కు తీసుకుపోయారు. పొద్దున లేపాక్షి, మధ్యాహ్నం పెనుకొండ, సాయంత్రం తిమ్మమ్మ మర్రిమాను. లేపాక్షిలో గంట కూడా లేము. తిరిగి బస్సెక్కేటప్పుడు మా సోషల్ సారు తలుపు దగ్గర నిలబడి, "ఏం చూశావో ఒక్కటి చెప్పి ఎక్కు. ముందువాడు చెప్పింది చెప్పకూడదు" అన్నారు. వేలాడే స్తంభం, నంది, నాగలింగం మొదటి ముగ్గురితోనే అయిపోయాయి. నేను ఆఖరివాణ్ణి. గుడి ఆవరణలో రాతి నేల మీద కంచాలు చెక్కి ఉన్నాయని చెప్పాను. సారు నా వీపు తట్టి ఎక్కించారు. ఆ సంగతి నలభై ఏళ్ళు మరిచిపోయాను.

ఇక కిందటేటికి వస్తాను. అంతకు ముందు సంవత్సరం మా ఆవిడ కంటి పరీక్షకు వెళితే నీటికాసులు అన్నారు, అంటే గ్లాకోమా. కుడి కంటికి పక్కచూపు చాలావరకు పోయింది. నొప్పి లేదు, ఎరుపు లేదు, అందుకే ఆమెకే తెలియలేదు. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలినదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి. మేము ప్రయాణాలన్నీ రిటైరయ్యాక అని దాచిపెట్టుకున్నవాళ్ళం. ఆ రోజు ఇంటికొచ్చి దాపరికం చాలనుకున్నాం.

ఆర్‌వీ ఒకటి అద్దెకు తీసుకున్నాం. చూడనివాళ్ళ కోసం చెబుతాను. ఇరవై అయిదడుగుల వ్యాను. ముందు డ్రైవరు సీటు, వెనక మంచం, మధ్యలో గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, బాత్‌రూమ్. మంచినీళ్ళకు ఒక ట్యాంకు, వాడిన నీళ్ళకు ఒకటి, మరుగుదొడ్డికి ఇంకొకటి. ఆ చివరి రెండింటినీ డంప్ స్టేషన్‌లో మనమే ఖాళీ చేసుకోవాలి. మొదటి రాత్రి క్యాంపులో ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ ఒకేసారి వేస్తే ఫ్యూజు పడిపోయినట్టు అంతా చీకటి. 30 ఆంపియర్ల బ్రేకరు, 120 వోల్టులు. ఎన్ని వాట్లవుతుందో ఎనిమిదో తరగతి పిల్లాడు చెబుతాడు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న ఇంజనీరుకు మాత్రం తోచలేదు.

డాలస్ నుంచి బయలుదేరి పన్నెండు రోజుల్లో ఆరు నేషనల్ పార్కులు చూడాలని నా పథకం. గ్వాడలూప్ మౌంటెన్స్, కార్ల్స్‌బాడ్ కావెర్న్స్, వైట్ శాండ్స్, సగ్వారో, పెట్రిఫైడ్ ఫారెస్ట్, గ్రాండ్ కాన్యన్. ఏడాది పాసుకు అప్పుడు 80 డాలర్లు ఇచ్చాం. గంటల వారీగా ఎక్సెల్‌లో రాసుకున్నాను. పార్కుల్లో అమ్మే పాస్‌పోర్టు లాంటి చిన్న పుస్తకం కూడా కొన్నాను. ఏ పార్కుకు వెళ్ళినా అందులో తేదీతో ముద్ర వేసుకోవచ్చు. 1986 నుంచి ఈ అలవాటు నడుస్తోంది. నాకు ఆ ముద్రల పిచ్చి పట్టింది. గ్వాడలూప్‌లో టెక్సాస్‌కల్లా ఎత్తైన శిఖరం ఉంది, 8,751 అడుగులు. దాని దగ్గర మేము ఆగింది నలభై నిమిషాలు. ముద్ర, ఫోటో, బండెక్కడం.

మర్నాడు కార్ల్స్‌బాడ్ గుహలు. లిఫ్టులో 750 అడుగులు కిందికి దిగాం. బిగ్ రూమ్ అనే పెద్ద గుహ చుట్టూ మైలుంపావు నడక. లోపల మసక దీపాలు, 13 డిగ్రీల చలి. నేను ఫోటోలు తీసుకుంటూ ముందుకు పోయాను. కాసేపటికి వెనక నుంచి, "ఏమండీ, నాకు దారి అంచు కనిపించడం లేదు" అని వినిపించింది. తిరిగి చూస్తే రెండు చేతులతో కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. పక్కనుంచి జనం దాటిపోతున్నారు. ఎంతసేపటి నుంచి అలా ఉందో నాకు తెలియదు. ఎవరి కళ్ళ కోసం ఈ ప్రయాణం పెట్టుకున్నామో ఆ మనిషినే వెనక వదిలేసి నేను ముందు నడిచాను.

ఆ రాత్రి పెద్ద గొడవేమీ జరగలేదు. పెరుగన్నం తిన్నాక ఒకటే అడిగింది: "ఇవాళ ఏం చూశారు?" నేను ఫోను తీశాను. "ఫోను చూసింది కాదు, మీరు చూసింది చెప్పండి" అంది. నిజంగా ఒక్కటీ గుర్తుకు రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది బస్సు తలుపు దగ్గర నిలబడిన మా సారు. ఆమెకు ఆ కథ చెప్పాను. ఇద్దరం కూర్చుని సగ్వారో కొట్టేశాం. ఇక ఒక్కో పార్కులో ఒక్క చోటే ఆగాలనీ, ఇద్దరం చెరొకటి చూసి సాయంత్రం చెప్పుకోవాలనీ ఒప్పందం.

వైట్ శాండ్స్‌లో ఒకే దిబ్బ మీద రెండు గంటలు కూర్చున్నాం. 275 చదరపు మైళ్ళ తెల్లటి ఇసుక. మామూలు ఇసుక కాదు, జిప్సం. నీళ్ళలో కరిగే జిప్సం మామూలుగా ఏరుల్లో కొట్టుకుపోతుంది. ఇక్కడి లోయ నుంచి నీటికి బయటికి దారి లేదు. కొండల నుంచి దిగిన నీళ్ళు ఆవిరైపోతే జిప్సం మిగిలి, పలుకులుగా విరిగి, గాలికి దిబ్బలైంది. ఇదంతా నేను బోర్డు చదివి చెబుతుంటే ఆమె చెప్పులు విప్పి నడుస్తోంది. ఎండలో కూడా కాలు కాలదు. గుప్పెడు తీసుకుని, "శనక్కాయ చేనుకు ఊడలు దిగేటప్పుడు మా నాన్న చల్లించేది ఇదే కదా!" అంది. ఆ మాట ఏ బోర్డు మీదా లేదు.

పెట్రిఫైడ్ ఫారెస్ట్‌లో ఆర్‌వీలు రాత్రి ఆగే వీలు లేదు, సాయంత్రానికి గేట్లు మూస్తారు. మాకు దొరికింది రెండున్నర గంటలు. ఇరవై కోట్ల ఏళ్ళకు పైబడిన చెట్లు అక్కడ రాళ్ళయి పడి ఉన్నాయి. ఆమె ఒక మొద్దు మీద వేళ్ళతో రాస్తూ, దూరం నుంచి కర్ర, తాకితే గాజు అంది. ముక్కలు తీసుకుపోవడం నేరం. తీసుకుపోయినవాళ్ళు కొందరు తర్వాత మనసొప్పక, క్షమాపణ ఉత్తరం రాసి పోస్టులో తిప్పి పంపుతారట. అయితే ఏ ముక్క ఏ చోటిదో తెలియదు కాబట్టి మళ్ళీ యథాస్థానంలో పెట్టలేరు, ఒక కుప్పగా పోస్తారు. అది విన్నప్పుడు వాయిదా వేసిన మా ఏళ్ళన్నీ గుర్తొచ్చాయి.

గ్రాండ్ కాన్యన్‌లో ఒక పొద్దుటిపూట గడిపాం. నది వెంట 277 మైళ్ళ పొడవు, మైలు లోతు. అంచు దగ్గర నేను ఆమె చెయ్యి పట్టుకుని, "నీకు అంతా కనిపిస్తోందా?" అని అడిగాను. ఆమె నవ్వి, "నేను తల తిప్పి తిప్పి కొంచెం కొంచెం చూసుకుంటున్నా. మీకు మాత్రం ఒక్కసారే అంతా కనిపిస్తోందా?" అంది. లేదు. ఎంత మంచి కళ్ళకైనా అది ఒక్కసారి పట్టదు.

మా ముద్రల పుస్తకంలో సగ్వారో గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఆమె చూపు ప్రస్తుతం నిలకడగా ఉంది. ఈ వేసవిలో మళ్ళీ పది రోజులు బయలుదేరుతున్నాం, ఈసారి మూడే పార్కులు.

నా వయసు వాళ్ళకు రెండు మాటలు. నలభై దాటినవాళ్ళు కళ్ళు బాగానే ఉన్నాయని ఊరుకోకుండా కంటి ఒత్తిడి, నరం పరీక్ష చేయించుకోండి. రెండోది, సెలవు తక్కువని ప్రయాణం మానుకోకండి. తక్కువ సెలవులో అన్నీ చూడాలనే ఆశ మానుకోండి, చాలు.

మా సోషల్ సారు ముందు వరసలోనే కూర్చున్నారు. సార్, ఆ రోజు మీరడిగిన ప్రశ్నకు మార్కులు లేవు. అందుకే కాబోలు మరిచిపోయాను. ఇప్పుడు రోజూ రాత్రి మా ఇంట్లో అదే ప్రశ్న అడుగుతోంది ఒకావిడ. ఆమె మీ పక్క వరసలోనే ఉంది. భోజనాల దగ్గర వచ్చి మీకు నమస్కారం పెడుతుంది. కొంచెం కుడి పక్కకు కాకుండా ఎదురుగా నిలబడండి సార్, బాగా కనిపిస్తారు.