కుందూ తాబేలు మెడ

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల జంతుశాస్త్ర అధ్యాపకులు, విద్యార్థులు, మన పిలుపు మన్నించి వచ్చిన ఆళ్లగడ్డ శిల్పులు ఒకే పందిట్లో కూర్చోవడం నాకెంతో సంతోషం. అధ్యక్షస్థానం నుంచి నేను చెప్పదలచింది ఒక్కటే. తాబేలు అనగానే మనం చిప్ప దగ్గరే ఆగిపోతాం. దాని బతుకు నడిచేది మెడతో, గొంతుతో. ఆ మెడను మన పిల్లలు కుందూ నదిలో, కె.సి. (కర్నూలు-కడప) కాలువలో తిరిగే తాబేలును చూసే నేర్చుకోవాలి. దాన్ని చంపకుండా నేర్చుకోవాలి.

తాబేలు పక్కటెముకలు చిప్పలో కలిసిపోయాయి. మనకు పక్కటెముకల బయట ఉండే భుజం ఎముకలు దానికి లోపల ఉంటాయి. ఛాతీ కదలదు, నడుము వంగదు. ఆ భారమంతా మెడ మోయాల్సి వచ్చింది. మెడ పొట్టిదైనా పొడుగైనా వెన్నుపూసలు మాత్రం 8. మన చెరువుల్లో, మెట్టల్లో ఉండే తాబేళ్లు మెడను నిలువునా ‘ఎస్’ ఆకారంలో మడిచి తల లోపలికి తీసుకుంటాయి. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాల్లో మెడను పక్కకు మడిచే తెగ వేరే ఉంది.

తలను లాగే పని ముఖ్యంగా రెట్రాహెన్స్ కాపిటిస్ కొల్లిక్వే అనే కండరానిది. పేరు నోరు తిరగనిదే గాని, పని చూస్తే ముచ్చటేస్తుంది. దాని మొదలు మెడలో ఉండదు. చిప్ప లోపల, వీపు వెన్నుపూసల మీద పుడుతుంది. అక్కడి నుంచి పొడుగాటి పట్టీలుగా ముందుకు సాగి కొన్ని మెడ పూసలకు, కొన్ని పుర్రె అడుగుకు అంటుకుంటాయి. చేదతాడు బావిలోంచి బిందెను లాగినట్టు అది తలను వెనక్కి లాగేస్తుంది. మెడను చాచి కదిలించడానికి పూస నుంచి పూసకు పాకే పొట్టి కండరాలు ఉన్నాయి. తల, కాళ్లు ఒక్కసారిగా లోపలికి పోతే ఊపిరితిత్తులకు చోటు తగ్గి గాలి బయటికి తన్నుకొస్తుంది. తాబేలు బుసకొట్టిందని మనం చెప్పుకునేది చాలాసార్లు ఆ గాలినే.

గొంతు సంగతి ఇంకా గొప్పది. మన కాలువల్లో, వరి మడుల్లో తిరిగే మెత్తచిప్ప తాబేలును, లిస్సెమిస్ పంక్టాటాను, తేట నీటిలో కాసేపు కదలకుండా గమనించండి. ఒళ్లంతా బురదలో దాచుకుని మెడ సాచి ముక్కు కొన మాత్రం నీటి పైకి తెస్తుంది. దవడ కింద చర్మం ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ చర్మం కింద నాలుకను మోసే హయాయిడ్ ఎముకల చట్రం ఉంది. చేపపిల్ల దగ్గరికి రాగానే కొరాకోహయాయిడ్ కండరం ఆ చట్రాన్ని భుజం వైపు కిందికి గుంజుతుంది. గొంతు ఒక్కసారిగా విశాలమై నీళ్లు లోపలికి దూకుతాయి, నీళ్లతోపాటు చేపపిల్లా పోతుంది. తర్వాత నీటిని నెమ్మదిగా వదిలేస్తుంది. మెట్ట మీద గడ్డి తినే నక్షత్ర తాబేలుకు ఈ ఉపాయం పనికిరాదు. అందుకే దానికి కండగల నాలుక ఉంది.

మెడ ముడుచుకునేది ప్రాణరక్షణకేనని చాలాకాలం అందరం చెప్పుకున్నాం. జురాసిక్ కాలపు ప్లాటీకెలిస్ అనే తాబేలు మెడ పూసలను పరిశీలించి 2017లో వెలువడిన పరిశోధన వేరే మాట చెప్పింది. ఆ తాబేలు మెడను కొంతమేరకే వెనక్కి తీసుకోగలిగేది. తల దాచుకోవడానికి అది చాలదు. తలను ఒక్కసారిగా ముందుకు విసిరి ఎరను పట్టడానికే ఈ ముడుపు మొదలై ఉండొచ్చని ఆ పరిశోధకుల ఊహ. నాకు ఇది నమ్మదగ్గదిగా ఉంది. కాలువ గట్టున తాబేలు వేటాడటం చూసినవారికి కూడా నమ్మబుద్ధేస్తుంది.

తాబేలు శరీర నిర్మాణానికి మూలగ్రంథంగా చెప్పుకునేది శరీర నిర్మాణ శాస్త్రవేత్త బొయానస్ 1819–21లో విల్నియస్ నుంచి వెలువరించిన పుస్తకం. ఆ బొమ్మలు ఇప్పటికీ అద్భుతాలే. కాని అవి ఐరోపా చెరువు తాబేలువి, కోసి చూసి గీసినవి. మన దగ్గర యూజీసీ 2014లో జంతువుల కోతలను ఆపమంది. అది మంచి నిర్ణయమని నా నమ్మకం. పైగా మన మెత్తచిప్ప తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. అయితే కోత ఆగిన చోట చూపు మొదలుకావాలి. అది కాలేదు. విద్యార్థి కండరాల పేర్లు బట్టీ పడుతున్నాడు గాని, కాలువలో తాబేలు గొంతు కదలడం చూడలేదు.

ఈ నంద్యాల జిల్లాకు ఎముకలు చదివిన చరిత్ర ఉంది. బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వకాలు చేయించి పాత జంతువుల అవశేషాలు వెలికితీయించారు. మనకు అంత పెద్ద పని అక్కర్లేదు. కాలువ కట్టేసిన రోజుల్లో చచ్చి కనిపించే తాబేళ్ల ఎముకలను అటవీశాఖ అనుమతితో సేకరించి ఎనిమిది పూసలూ వరసగా కూర్చి కళాశాలలో పెట్టుకుందాం. బతికినదాన్ని దూరం నుంచి ఫోనులో చిత్రించి, గొంతు కదలికను నెమ్మది చేసి చూద్దాం.

శిల్పి సోదరులకు నా విన్నపం. మీ చేతుల్లో ఎన్నో కూర్మాలు రూపుదిద్దుకున్నాయి. మాకు మూడు రాతి నమూనాలు కావాలి: మెడ చాచింది, సగం ముడిచింది, పూర్తిగా లోపలికి తీసుకుంది. చిప్పలో ఒక పక్క తెరిచి ఉంచితే వీపు పూసల నుంచి తల దాకా సాగిన ఆ పొడుగాటి కండరం కనబడాలి. కొలతలు అధ్యాపకులు ఇస్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు చేశాం. ఇక మొదటి పత్రం చదివే వారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.