‘కంప్యూటర్ చెప్పింది’ అంటే సరిపోదు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, “బెల్జియం పోయి ఏఐ చట్టం చదివొచ్చావట కదా, అదేందో మాకందరికీ తెలిసేటట్టు పదిహేను నిమిషాల్లో చెప్పు” అన్నారు. పదిహేను నిమిషాలు చాలు. అక్కడ చదివినదంతా వడగడితే మిగిలేది ఒక్క ప్రశ్నే. ఒక మనిషి బతుకు మీద ప్రభావం చూపే నిర్ణయాన్ని యంత్రం చేస్తే, ఆ మనిషి ‘ఎందుకు?’ అని ఎవరిని అడగాలి?

నేను వెళ్లిన ఊరు లూవెన్. బ్రస్సెల్స్ నుంచి రైల్లో అరగంట దూరం. అక్కడి విశ్వవిద్యాలయాన్ని 1425లో స్థాపించారు. మన సంఘానికి యాభై ఏళ్లు నిండాయని పండుగ చేసుకుంటున్నాం, దానికి ఆరువందలు నిండాయి. కృత్రిమ మేధకు సంబంధించిన చట్టం, నీతి, ప్రభుత్వ విధానం మీద అక్కడి న్యాయశాస్త్ర విభాగం వేసవిలో ఒక కోర్సు నడుపుతుంది. తరగతిలో లాయర్లతో పాటు ఇంజనీర్లు, ప్రభుత్వ ఉద్యోగులు, పరిశోధకులు ఉన్నారు. లాయరు కోడ్ గురించి అడిగితే ఇంజనీరు చెప్పాలి, ఇంజనీరు చట్టం గురించి అడిగితే లాయరు చెప్పాలి. ఒకరి భాష ఒకరికి అర్థమయ్యేదాకా పాఠం ముందుకు సాగేది కాదు.

ఆ ఊళ్లో అందరూ చెప్పుకునే సంగతి ఒకటుంది. 1968లో భాషా వివాదం ముదిరి ఆ విశ్వవిద్యాలయం డచ్చి వారిది, ఫ్రెంచి వారిది అని రెండుగా చీలింది. ఆస్తులు పంచుకునేటప్పుడు గ్రంథాలయం దగ్గర పేచీ వచ్చింది. చివరికి సరి సంఖ్య ఉన్న పుస్తకాలు ఒకరికి, బేసి సంఖ్య ఉన్నవి ఇంకొకరికి అని పంచేశారు. లెక్క ప్రకారం ఇద్దరికీ సమానమే. కానీ ఒకే గ్రంథానికి మొదటి సంపుటం ఒక ఊళ్లో, రెండోది ఇంకో ఊళ్లో పడితే చదివేవాడి గతేంటి? లోపల ఏముందో చూడకుండా అంకె చూసి తీర్పు చెప్తే ఇట్లాగే ఉంటుంది. పుస్తకాల సంగతి సరే, మనుషుల్ని అట్లా పంచితే ఏమవుతుందో మూడు ఉదాహరణలు చెప్తాను.

మొదటిది బడికి సంబంధించిందే. 2020లో కరోనా వల్ల ఇంగ్లండులో ఏ-లెవల్ పరీక్షలు రద్దయ్యాయి. అవి మన ఇంటర్ లాంటివి. ఏ పిల్లకు ఏ గ్రేడు వస్తుందో అంచనా వేసి పంపమని టీచర్లను అడిగారు. ఆ అంచనాలను సరిచేయడానికి పరీక్షల నియంత్రణ సంస్థ ఒక గణిత సూత్రం వాడింది. ఆ బడికి అంతకుముందు ఏళ్లలో ఎట్లాంటి ఫలితాలు వచ్చాయన్నది ఆ సూత్రంలో ముఖ్యమైన అంశం. ఆగస్టు 13న ఫలితాలు వచ్చాయి. సుమారు 40 శాతం గ్రేడ్లు టీచర్లు ఇచ్చినవాటికన్నా తగ్గాయి. విద్యార్థులు మరీ తక్కువగా ఉన్న తరగతుల్లో మాత్రం టీచర్ల మాటే చెల్లింది. అట్లాంటి చిన్న తరగతులు ఎక్కువగా ఉండేది ఫీజులు కట్టే ప్రైవేటు బడుల్లోనే. పిల్లలు వీధికెక్కారు. నాలుగు రోజులకు, ఆగస్టు 17న, ప్రభుత్వం వెనక్కి తగ్గి టీచర్ల గ్రేడ్లనే ఖాయం చేసింది.

ఈ పాఠం వింటుంటే నాకు మన బడే మెదిలింది. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఇంట్లో మొదటిసారి పదో తరగతి గట్టెక్కినవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ సూత్రం మనకు పెట్టి ఉంటే ఏమయ్యేది? “మీ బడికి ఇంతకుముందు ఫస్ట్ క్లాసులు పెద్దగా రాలేదు, కాబట్టి మీకూ రాదు” అనేది. పిల్ల ఎంత చదివిందో దానికి పట్టదు, ఏ బడి నుంచి వచ్చిందో పడుతుంది. పిల్ల ఎంత చదివిందో తెలిసింది ఎదురుగా నిలబడి పాఠం చెప్పిన సారుకే.

రెండోది నెదర్లాండ్స్‌లో జరిగింది. అక్కడ పిల్లల సంరక్షణ ఖర్చుకు ప్రభుత్వం భత్యం ఇస్తుంది. దొంగ దరఖాస్తులు పట్టడానికి పన్నుల శాఖ ఒక అల్గారిథం వాడింది. డచ్చి పౌరసత్వం లేకపోవడం కూడా అందులో అనుమానానికి ఒక కారణమైంది. తప్పు చేయని వేల కుటుంబాల మీద మోసగాళ్లన్న ముద్ర పడింది. ఏళ్ల తరబడి తీసుకున్న డబ్బంతా తిరిగి కట్టమన్నారు. అప్పుల్లో కూరుకుపోయి ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఎందుకని అడిగితే ఆఫీసులో చెప్పేవాళ్లే లేరు. చివరికి 2021 జనవరిలో మార్క్ రుట్టే మంత్రివర్గం మొత్తం రాజీనామా చేసింది.

ఇదంతా చర్చించాక, మీ దేశంలో ఇట్లాంటివి ఉన్నాయా అని నన్ను అడిగారు. ఉంది, మా రాష్ట్రంలోనే ఉంది అని మూడోది నేను చెప్పాను. అది సమగ్ర వేదిక.

మన ప్రభుత్వ శాఖల దగ్గర మన వివరాలు ముక్కలు ముక్కలుగా ఉంటాయి. బండి రిజిస్ట్రేషన్ ఒక శాఖలో, కరెంటు కనెక్షన్ ఇంకో శాఖలో, ఆస్తి వివరాలు మరో చోట. వాటన్నింటినీ కలిపి, ఎవరు ఎవరో పోల్చి చూసే వ్యవస్థే సమగ్ర వేదిక. అనర్హులకు రేషన్ కార్డులు పోకుండా చూడటం దాని ఉద్దేశాల్లో ఒకటి. ఉద్దేశం మంచిదే. కానీ పోల్చేది పేర్లను, చిరునామాలను. మన ఊళ్లల్లో ఒకే పేరు ఎంతమందికి ఉంటుందో హాజరు పట్టీ పిలిచిన సార్లకు చెప్పక్కర్లేదు. పైగా ఒకే పేరును ఒక ఆఫీసులో ఒక తీరుగా, ఇంకో ఆఫీసులో ఇంకో తీరుగా రాస్తారు. పేరు కలిసిన పాపానికి, రిక్షా తొక్కి బతికిన మనిషి కుటుంబానికి కారు ఉందని తేల్చి రేషన్ ఆపేసిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. రాష్ట్రంలో రద్దయిన కార్డులు సుమారు 19 లక్షలు. ముందుగా నోటీసు ఇవ్వలేదని, ఇంటికొచ్చి చూడలేదని వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. రద్దయిన కార్డుల్ని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది.

నెదర్లాండ్స్ వాళ్లది ధనిక దేశం, మనది అట్లా కాదు. అక్కడ పోయింది భత్యం, ఇక్కడ పోయింది బియ్యం. రెండు చోట్లా తప్పు జరిగిన తీరు మాత్రం ఒక్కటే. అనుమానపడింది యంత్రం. నిరూపించుకోవాల్సి వచ్చింది పేదవాడు. మధ్యలో ఉండాల్సిన అధికారి ‘కంప్యూటర్‌లో అట్లా ఉంది’ అని పక్కకు తప్పుకున్నాడు.

ఈ అనుభవాల తర్వాత ఐరోపా సమాఖ్య తెచ్చిన చట్టమే మేము ప్రధానంగా చదివింది. 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చి, దశలవారీగా వర్తిస్తోంది. అది అన్ని యంత్రాల్నీ ఒకే గాటన కట్టదు. మనుషులకు ఎంత హాని చేయగలదో చూసి మెట్లు కట్టింది. పై మెట్టు నిషేధాలు. అవి 2025 ఫిబ్రవరి 2 నుంచి వర్తిస్తున్నాయి. మనుషుల నడవడికకు మార్కులు వేసి, దాన్ని బట్టి అన్యాయంగా చూడటం అక్కడ నిషేధం. తరగతి గదిలో కెమెరా పెట్టి పిల్లల ముఖాల్లో భావోద్వేగాలు లెక్కించడమూ నిషేధమే. వైద్యం, భద్రత అవసరాలకు మాత్రం మినహాయింపు ఉంది.

దాని కింది మెట్టు అధిక ప్రమాదం ఉన్నవి. బడిలో సీటు ఇవ్వడం, మార్కులు వేయడం, పరీక్షలో కాపీ కొడుతున్నారేమో కనిపెట్టడం, ఉద్యోగానికి బయోడేటాలు వడపోయడం, అప్పుకు అర్హత తేల్చడం, ప్రభుత్వ సాయానికి అర్హత తేల్చడం ఇందులోకి వస్తాయి. వీటిని నిషేధించలేదు, షరతులు పెట్టారు. ఎట్లాంటి సమాచారంతో నేర్పారో రాసిపెట్టాలి. యంత్రం చెప్పినదాన్ని కాదనగలిగే మనిషి పైన ఉండాలి. నష్టపోయినవాడికి కారణం అడిగే హక్కు ఉండాలి. నిషేధాల్ని మీరితే జరిమానా మూడున్నర కోట్ల యూరోలు, లేదా కంపెనీ ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 7 శాతం, ఏది ఎక్కువైతే అంతదాకా పడవచ్చు.

ఇక మన పుప్పాలగూడకు వద్దాం. మన చిన్నప్పుడు ఇక్కడ రాళ్లగుట్టలు, పొలాలు. ఇప్పుడు అటు నానక్‌రామ్‌గూడ, ఇటు నార్సింగి, మధ్యలో ముప్పై, నలభై అంతస్తుల భవనాలు. వాటిలో ఉండేవాళ్లు, పనిచేసేవాళ్లు ప్రపంచంలోని ఎన్నో కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాస్తారు. మన పూర్వ విద్యార్థులూ అందులో ఉన్నారు. ఐరోపా చట్టానికి చేయి పొడుగు. యంత్రం ఎక్కడ తయారైనా, అది ఇచ్చే ఫలితాన్ని ఐరోపాలో వాడితే చట్టం వర్తిస్తుంది. అంటే మన తమ్ముడు ఇక్కడ కూర్చుని జర్మనీ కంపెనీకి బయోడేటాలు వడపోసే సాఫ్ట్‌వేర్ రాస్తే, అక్కడి నిరుద్యోగికి ఆ చట్టం అండగా ఉంటుంది. అదే తమ్ముడు అదే కోడ్‌ను ఇక్కడి కంపెనీకి రాస్తే, అదే భవనం కింద కాపలా ఉన్న వాచ్‌మన్ కొడుకు దరఖాస్తు కారణం చెప్పకుండా బుట్టదాఖలు కావచ్చు. రాసిన చెయ్యి ఒకటే, అడిగే హక్కు మాత్రం ఒక్కరికే. ఆ కోర్సు మొత్తంలో నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇదే.

మన దగ్గర ఏమీ లేదని మాత్రం అనను. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. అందులో యంత్రం చేసిన నిర్ణయానికి కారణం అడిగే హక్కు లేదు. కృత్రిమ మేధకు ఇప్పటికిప్పుడు వేరే చట్టం అక్కర్లేదని 2025 నవంబరులో కేంద్రం విడుదల చేసిన మార్గదర్శకాలు అంటున్నాయి. డెలివరీ, క్యాబ్ కార్మికుల కోసం మన రాష్ట్రం 2025లో ప్రకటించిన ముసాయిదా బిల్లులో మాత్రం, యాప్ నిర్ణయాలు ఎట్లా చేస్తుందో కార్మికుడికి చెప్పాలన్న ఆలోచన ఉంది.

చాలామందికి తెలియని ఆయుధం ఇంకొకటి మన చేతిలోనే ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం, సెక్షన్ 4(1)(డి). ప్రభుత్వ కార్యాలయం తన పరిపాలనా నిర్ణయాలకు కారణాలను ఆ నిర్ణయం వల్ల ప్రభావితమైనవాళ్లకు చెప్పాలని అందులో ఉంది. నిర్ణయం గుమాస్తా చేశాడా, కంప్యూటర్ చేసిందా అన్న తేడా అందులో లేదు. ‘కంప్యూటర్‌లో అట్లా వచ్చింది’ అన్నది కారణం కాదు. ఎవరి పేరుతో కలిసింది, ఏ రికార్డు చూసి అనర్హుడన్నారు అన్నది కారణం. కాగితం మీద రాసి అడిగితే జవాబు చెప్పాల్సిన బాధ్యత వాళ్లది.

ఇక్కడున్న టీచర్లకు ఒక మాట. మన ప్రభుత్వ బడుల్లో పిల్లలకు ముఖం చూసి హాజరు వేసే యాప్ వచ్చింది, 2025లో టీచర్లకూ వచ్చింది. మీరు మీరేనా అని సరిచూసే యంత్రానికీ, గుంపులో మీరెవరో వెతికి పట్టే యంత్రానికీ ఐరోపా చట్టం తేడా చూపిస్తుంది. మొదటిదానికి పట్టింపు తక్కువ, రెండోదానికి చాలా ఎక్కువ. కానీ ఏ యంత్రమైనా ఎదురుగా ఉన్న పిల్లను గుర్తుపట్టనప్పుడు, ‘ఈ పిల్ల బడికి వచ్చింది, నేను చూశాను’ అని రాసి సంతకం పెట్టే అధికారం మీ దగ్గర ఉండాలి. ఆ అధికారాన్ని వదులుకోకండి. చట్టం భాషలో దాన్నే మానవ పర్యవేక్షణ అంటారు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఐరోపా వాళ్ల కోసం చేసే పరీక్షలు, రాసే పత్రాలు మన ఊరివాళ్ల కోసం కూడా చేయండి. చట్టం అడగలేదు కదా అని ఆగొద్దు. రెండు పేర్లు ఒకటేనని తేల్చే కోడ్ రాసేటప్పుడు, ఆ పేరున్న మన క్లాస్‌మేట్ ఒకడిని గుర్తు తెచ్చుకోండి.

సంఘానికి ఒక విన్నపం. నెలకో ఆదివారం బడి వరండాలో ఒక బల్ల వేద్దాం. రేషన్, పింఛను, స్కాలర్‌షిప్ ఆగిపోయినవాళ్లు వస్తారు. వాళ్ల తరఫున ‘ఎందుకు ఆపారు?’ అని దరఖాస్తు రాసిపెడదాం. రాయడానికి నేను వస్తాను. కంప్యూటర్ తెలిసినవాళ్లు ఇద్దరు, తెలుగు చక్కగా రాసేవాళ్లు ఇద్దరు తోడైతే చాలు. న్యాయశాస్త్రం చదవాలనుకునే పిల్లలకు అంతకన్నా మంచి బడి ఉండదు. లూవెన్‌కు వెళ్లాలనే కోరిక ఉన్నవాళ్లకు దరఖాస్తు ఎట్లా చేయాలో కూడా ఆ బల్ల దగ్గరే చెప్తాను.

 మొదటి ఆదివారం బల్ల దగ్గర కలుద్దాం.