సరస్సు గర్భమున వెలసిన గ్రామము

పంచాయతీ సభ్యులారా!

జపానులోని అకితా ప్రాంతమున గల హాచిరోగతా ఒకప్పుడు ఆ దేశమున రెండవ పెద్ద సరస్సు. విస్తీర్ణము సుమారు 220 చదరపు కిలోమీటర్లు. బియ్యపు కొరత తీర్చుటకై, డచ్చి నిపుణుల సలహాతో, 1957లో అచ్చట పని ప్రారంభించిరి. గట్లు కట్టి, నీరు తోడి, మూడు వంతులకు పైగా భూమిగా మార్చిరి. చేపలవేటపై బ్రతికినవారికి పరిహారమిచ్చిరి. 1964లో ఓగతా గ్రామము వెలసెను. వరి పండింప దూరప్రాంతముల నుండి రైతులు వచ్చిరి.

కాని 1970 నాటికి బియ్యము మిగులుబడెను. వరి తగ్గింపుడని ప్రభుత్వమే కోరెను. రైతులు రెండు పక్షములైరి. తగవు ఏండ్ల తరబడి సాగెను.

ఆ నేల సముద్రమట్టమునకు దిగువనున్నది. నేటికిని పంపులు నీరు తోడుచునే యుండవలెను. సరస్సును ఎండగట్టుట ఒక తరము పని. ఆ నేలను కాచుకొనుట తరతరముల పని. మీ చెరువును గూర్చి తీర్మానము చేయుటకు ముందు ఈ సంగతి తలచుకొనుడు.