ఎక్కుట, దిగుట

జనగామ స్టేషనులో రైలు దిగినను, మహబూబాబాదులో ఆటో దిగినను, మేడమెట్లు దిగినను మనకు ‘దిగుట’ ఒక్కటే మాట. ఇంగ్లీషువారు ఈ ఒక్క పనిని మూడుగా పంచుకొన్నారు. లోపల లేచి నాలుగడుగులు వేయుటకు వీలుండు రైలు, బస్సు, విమానములకు ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’ అందురు. వంగి లోనికి దూరి కూర్చుండవలసిన కారు, ఆటోలకు ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్’. సైకిలును మీద కూర్చుండి నడుపుదుము గనుక దానికి మరల ‘ఆన్’, ‘ఆఫ్’లే. మెట్లకు మాత్రము ‘గో డౌన్’.

మన బస్సులలో ‘గెట్ డౌన్’ అను వాడుక యున్నది. కండక్టరుకు అది చక్కగా బోధపడును. తప్పని కొట్టివేయుటకు నాకు మనసొప్పదు. కాని విదేశమునకు పోయిన మన పిల్లవాడు ఆ మాట గట్టిగా అన్నచో, ఏదో ప్రమాదము వచ్చినది, తల వంచుకొమ్మనుచున్నాడని ప్రక్కవారు బెదరవచ్చును. నిజముగా ‘డౌన్’ అను మాటకు తగిన చోటు భూపాలపల్లి. అచ్చటి సింగరేణి భూగర్భ గనులలోనికి కార్మికులు ‘గో డౌన్’. షిఫ్టు ముగిసిన పిమ్మట ‘కమ్ అప్’.

ఈ చిన్నమాటల మర్మమేమి? మనము క్రియకు క్రియను జోడింతుము: వెళ్లిపోయెను, తిరిగివచ్చెను. వారు క్రియ ప్రక్కన దిక్కును నిలుపుదురు: ‘వెంట్ అవే’, ‘కేమ్ బ్యాక్’. ఆగక స్టేషను దాటిపోవు రైలు ‘పాసెస్ త్రూ’. అదే ‘పాస్’ ప్రక్కకు ‘అవే’ చేరినచో మనిషి కాలము చేసినట్లే. మన ‘పోయినాడు’ మాత్రము తక్కువదా?

చిక్కంతయు సర్వనామముతో వచ్చును. మామయ్యను కాజీపేటలో బండి ఎక్కించుకొని రమ్మనుటకు ‘పికప్ అంకుల్’ అన్నను, ‘పిక్ అంకుల్ అప్’ అన్నను సరియే. అంకుల్ స్థానమున ‘హిమ్’ వచ్చినచో అది నడుమనే కూర్చుండవలెను: ‘పిక్ హిమ్ అప్’. ‘పికప్ హిమ్’ అనరాదు. ‘డ్రాప్ మీ ఆఫ్’ కూడ ఇట్టిదే. బస్సు సంగతి వేరు. ‘గెట్ ఆన్ ఇట్’ అనవలెనే గాని, ‘ఇట్’ను నడుమ దూర్చరాదు.

ఇక సెలవు పుచ్చుకొనుట. గడప దాటుచు ‘పోయెదను’ అనుట మనకు అశుభము గనుక ‘వెళ్లివచ్చెదను’ అందుము. ఇంగ్లీషులో ‘ఐ యామ్ ఆఫ్’ అన్న చాలును. మన మాటను ఉన్నదున్నట్లు ‘ఐ విల్ గో అండ్ కమ్’ అని అప్పగించితిమా, పాపము ఆ ఇంటివారు మన కప్పును కడుగక, కెటిలును దింపక, తలుపు దగ్గరనే ఎదురు చూచుచుందురు.