జీపుబండి గేర్లకు నిదానము

(గ్రంథాలయ రజతోత్సవములలో రెండవనాటి సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నడిగినప్పుడు, వారు నా నుండి నలచరిత్రమునో విదురనీతినో ఆశించిరని నే నెరుగుదును. నేను బడిలో చదివినది పదవ తరగతి వరకే. భారత భాగవతములను ఈ గ్రంథాలయపు బల్లమీదనే, నిఘంటువును ప్రక్కన బెట్టుకొని, నాకు నేనే చదువుకొంటిని. అయితే అదే బల్లమీద నేను చదివిన పుస్తకము మరొకటి కలదు. అట్ట యూడి, పుటపుటకును నూనె మరకలు పడిన జీపుబండి మరమ్మతుల పుస్తకమది. దాని నెవరిచ్చిరో మన దానపు పట్టికలో లేదు. ఈ దినము నా ప్రసంగము దానినిగూర్చియే. గేరు పడకపోవుట, పడిన గేరు నిలువకపోవుట, నిలిచిన గేరు ఊడిరాకపోవుట, ఈ మూడు రోగములు నాకు విషయములు. నలుడును సారథియే గదా! కావున కార్యదర్శిగారు నన్ను క్షమింతురు.

మన భాషలో నిదానమను మాటకు రెండర్థములున్నవి. వైద్యులకు రోగకారణమును కనుగొనుట నిదానము; మాధవకరుని రోగనిర్ణయ గ్రంథమునకు మాధవనిదానమనియే ప్రసిద్ధి. మనవంటివారికి తొందరపడకుండుట నిదానము. ఈ రెండును ఒకటేయని నాకు 2011వ సంవత్సరపు వర్షకాలమున తెలిసినది.

మా బావగారికి ఒక పాత జీపు కలదు. 1953లో అమెరికాలో విల్లీస్ వారు ప్రవేశపెట్టిన, బానెట్టు ఎత్తుగానుండు నమూనా అది. మన దేశమున మహీంద్రావారు ఆ నమూనా బండ్లను బహు సంవత్సరములు తయారుచేసిరి. నర్సీపట్నము నుండి లంబసింగి, చింతపల్లి వైపు కొండదారిని సరకులను, మనుష్యులను తీసికొనిపోవుట దాని పని. దాని పద్దులు వ్రాయుట నా పని. కరణీకములు 1984లోనే రద్దయినను, మా నాయనగారి పేరున ఊరివారు నన్నింకను కరణంగారనియే పిలుచుచున్నారు. ఎవరి లెక్క చిక్కుపడినను నాయొద్దకే తెచ్చుచున్నారు.

ఆ వర్షకాలమున ఒకనాటి సాయంత్రము, కొండమీది పల్లెనుండి ఒక నిండుచూలాలిని ఆసుపత్రికి దింపుచుండగా, దిగుడులో రెండవ గేరు దానంతటది జారి న్యూట్రల్‌లో పడినది. దిగుడున బండిని పట్టియుంచునది ఇంజనే. గేరు జారినంతనే ఆ పట్టు పోయి, బండి బరువంతయు తడిసిన బ్రేకులమీద పడినది. డ్రైవరు క్లచ్చి త్రొక్కి, ఇంజనును హెచ్చించి, తిరిగి రెండవ గేరు వేయజూచెను, పడలేదు. అప్పుడు చేతి బ్రేకు లాగెను. ఈ బండికి చేతి బ్రేకు చక్రములకు గాక, గేరు పెట్టెకు వెనుకనున్న షాఫ్టునకు ఉండును. కావున గేరు జారినను అది పట్టును. పట్టినది. బండిని కొండవైపు కాలువలోనికి ఒరిపి నిలిపెను. ఆ తల్లి మరొక బండిలో సుఖముగా ఆసుపత్రి చేరినది.

అందరును తప్పు డ్రైవరుదే యనిరి. గేరును పూర్తిగా వేయక సగము వేసియుండునని బావగారి అనుమానము. ఎందుకనగా ఆ గేరు పెట్టెను అప్పటికే రెండుమారులు పట్టణములోని ఒక మరమ్మతుశాలలో విప్పించి, రెండవ మూడవ గేర్లను కలుపు స్లీవును, ఇత్తడి రింగులను, స్ప్రింగులను క్రొత్తవి వేయించిరి. క్రొత్త సామానున్న పెట్టెలో గేరు జారిన, చేతిదే తప్పుకాక మరేమి? నెలాఖరుకు లెక్క చూచి అతనిని పంపివేయుడని బావగారు నాతో చెప్పిరి. అతడు నా యింటికి వచ్చి, "కరణంగారూ, గేరు పూర్తిగానే పడుచున్నదండి. నా చేతికి తెలియును. తమరైనా నమ్మవలెను" అనెను. పదునెనిమిది సంవత్సరములు అదే దారిని నడిపిన చెయ్యి అది.

నేను నమ్మితిననుట అబద్ధము. నమ్ముటకును, నమ్మకపోవుటకును నాయొద్ద ఆధారము లేదు. అరణ్యపర్వములో ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూచినంతనే లెక్కజెప్పెను. నలుడు ఆ మాటను ఊరక నమ్మలేదు. త్వరగా పోవలసిన పయనమున రథము నాపి, దిగి, లెక్కించి చూచెను. ఆ ఘట్టమును పదిమారులు చదివియు, అది సారథికి లెక్కగాడు చెప్పిన పాఠమని నాకు తోచినది ఆనాడే. అతనికొక చిన్న నోటుపుస్తకమిచ్చి, గేరు జారినప్పుడెల్ల తేది, ఏ గేరు, ఎక్కుడా దిగుడా, గుంతల దారియా నున్నని దారియా, ఇవి మాత్రము వ్రాయుమంటిని. పాత పద్దులనుండి రెండు మరమ్మతుల తేదులను, ఆ తరువాత వచ్చిన ఫిర్యాదుల తేదులను నేను తీసితిని.

మూడు వారములలో రెండు సంగతులు బయటపడెను. మొదటిది: జారుట రెండవ గేరునకే పరిమితము కాదు. గుంతల దారిలో పెడలు వదలినంతనే మూడవ గేరును జారుచుండెను. ఎక్కుడులో ఏ గేరును జారలేదు. రెండవది, నన్ను నిద్రపోనీయనిది: ప్రతి మరమ్మతు తరువాతను మొదటి రెండు వారములు ఒక్క ఫిర్యాదును లేదు. మూడవ వారమున ఒకటి, పిదప రెండు, పిదప దినదినమును. ఇనుప పండ్లు పదునైదు దినములలో అరుగవు. పదునైదు దినములలో వదులగునది ఒక్క బోల్టు మాత్రమే.

ఇచ్చట మరమ్మతుల పుస్తకము నాకు తోడ్పడినది. గేరు దానంతటది జారుటకు అందులో చెప్పిన కారణములు కొన్ని పెట్టె లోపలివి. గేరు కడ్డీలను తమ స్థానమున నిలుపు చిన్న గోళీ, దాని వెనుక స్ప్రింగు బలహీనమగుట, ఫోర్కు అరుగుట, పండ్ల అంచులు వాలుగా నరిగి, పట్టు వదలుట, షాఫ్టు ముందువెనుకలకు ఎక్కువ కదలుట. ఇవన్నియు మరమ్మతుశాలవారు చూచినవే. కాని ఒక కారణము పెట్టెకు బయటిది: గేరు పెట్టెను బెల్ హౌసింగునకు బిగించు బోల్టులు వదులుట. ఆ బోల్టులు నాలుగే. అవి వదులైనచో పెట్టె ఇంజనుతో సరళరేఖలో నుండక, వెనుకకు వ్రాలును. పెడలు వదలినప్పుడు, గుంతలో పడినప్పుడు అది ఊగును. ఊగిన ప్రతిమారును పండ్లు ఒకదానినుండి మరొకటి కొంచెము కొంచెముగా తప్పుకొని, తుదకు విడిపోవును. ఆ ఊగుటవలననే క్రొత్త పండ్లును వాలుగా అరిగిపోవును. అనగా మరమ్మతుశాలవారు మార్చిన సామాను రోగము కాదు, రోగము చేసిన గాయము.

మరునాడు బండిక్రింద చాప పరచుకొని నేనును డ్రైవరును దూరితిమి. గేరు పెట్టె క్రింద జాకీ పెట్టి కొంచెము ఎత్తి, దించితిమి. దించినప్పుడు పెట్టెకును హౌసింగునకును నడుమ పైభాగమున ఒక పోస్టుకార్డు అంచు దూరినది. నాలుగు బోల్టులలో ఒకదానికి హౌసింగులోని మర పూర్తిగా చెడి, ఎంత త్రిప్పినను తిరుగుచునే యుండెను. విప్పి బిగించినప్పుడెల్ల మిగిలిన మూడు కొన్నాళ్లు బరువు మోసి, ఒకటొకటిగా వదులగుచుండెను. పెట్టె వెనుకభాగమును మోయు రబ్బరు దిమ్మ కూడ నలిగిపోయి యుండెను. ఆ రంధ్రమునకు క్రొత్త మర వేయించి, రబ్బరు దిమ్మ మార్చి, బోల్టులకు స్ప్రింగు వాషర్లు వేసి బిగించితిమి. మొత్తము ఖర్చు, మునుపు రెండుమారులు పెట్టెలోపల పెట్టినదానిలో పదవవంతుకు తక్కువ. అరిగిన స్లీవును మాత్రము మూడవమారు మార్పింపక తప్పలేదు. దానిని బావగారు సణుగుచునే చెల్లించిరి. డ్రైవరు విషయమై వారు నాతో మరల మాటలాడలేదు. అతడు నేటికిని ఆ బండిమీదనే యున్నాడు.

జారుచున్న గేరును చేతితో అదిమి పట్టుకొని దిగువారిని ఈ దారిలో అనేకులను చూచితిని. అది మందు కాదు. ఆ ఒత్తిడి ఫోర్కుమీద నిలిచి, దానిని త్వరగా అరుగదీయును. పైగా అత్యవసరమున స్టీరింగునకు ఒక్క చేయియే మిగులును.

గేరు పడకపోవు రోగమును త్వరగా చెప్పి ముగింతును. ఇంజను ఆపినప్పుడు గేర్లన్నియు సులువుగా పడుచు, ఇంజను తిరుగునప్పుడు గరగరమన్నచో, దోషము క్లచ్చిలో నున్నదని తలపవలెను. బండి నిలిపి, క్లచ్చిని తుదిదాక త్రొక్కి, అయిదు లెక్కపెట్టి, వెనుక గేరు వేసి చూడుడు. అంత ఆగినను గరగరమనిన క్లచ్చి పూర్తిగా విడుట లేదన్నమాట. పెడలుకు పైన ఇంచుమించు ఒక అంగుళము ఖాళీ కదలిక ఉండవలెను. అది మిక్కిలి హెచ్చైన క్లచ్చి విడదు. బొత్తిగా లేకున్న క్లచ్చి పట్టక కాలిపోవును. ఖాళీ సరిగా నుండియు విడకున్నచో, పెడలునుండి క్లచ్చివరకు పోవు కడ్డీల కీళ్లు అరిగినవేమో చూడవలెను. నిలిచినప్పుడు చక్కగా పడుచు, నడకలో రెండవదానికి మాత్రము అరచుచున్నచో, ఇత్తడి రింగును అనుమానింపవచ్చును. ఈ పెట్టెలో మొదటి గేరునకును, వెనుక గేరునకును ఆ రింగులే లేవు. కదలుచున్న బండిని మొదటి గేరులోనికి త్రోసి, అది అరచినదని పెట్టెను నిందించుట అన్యాయము.

నూనె విషయమున ఒక మాట. తొంబది నెంబరు గేరాయిలు కొనునప్పుడు డబ్బామీద జి.ఎల్.4 అని యున్నదో, జి.ఎల్.5 అని యున్నదో చూడవలెను. రెండవదానిలో హెచ్చుగా కలుపు గంధకపు మందులు ఇత్తడిని తినివేయవచ్చును. పెద్ద అంకె మేలైనదని తలచి కొనువారు కలరు. మరియు ఈ బండిలో గేరు పెట్టెకును దాని వెనుకనున్న ట్రాన్స్‌ఫర్ కేసునకును నడుమ అడ్డు చెడినచో, నూనె ముందుదానినుండి వెనుకదానిలోనికి పోవును. క్రింద చుక్క కారదు. కాని గేరు పెట్టె ఎండిపోవుచుండును. ఒకదాని మూత విప్పి చూచినవారు రెండవదానినికూడ చూడవలెను. ఒక ఖాతాలో తగ్గిన సొమ్ము ప్రక్క ఖాతాలో ఎక్కినదేమో చూడని గుమాస్తా ఉండునా?

ఇక నిలిచిన గేరు రాకపోవుట. బురదలో నాలుగు చక్రములకును శక్తి నిచ్చు లివరును వేసి, గట్టి రోడ్డెక్కిన పిదపకూడ మరచిపోయి నడిపినచో, ఆ లివరు బిగిసికొనిపోవును. మలుపులో ముందు చక్రములు వెనుకవానికన్న ఎక్కువ దూరము తిరుగును. ఈ బండిలో ఆ భేదమును సర్దునది నడుమ ఏదియు లేదు. బురదలో చక్రములు జారి ఆ భేదమును తీర్చుకొనును. తారురోడ్డుమీద జారలేక, షాఫ్టులే మెలిపడి బిగియును. ఒక రైతు ఆ లివరును సుత్తితో కొట్టుట నేను కన్నులార చూచితిని. కొట్టవలదు. వెనుక గేరులో తిన్నగా కొంత దూరము నడిపిన మెలి విడి, లివరు చేతికి వచ్చును. రాకున్న ఒక చక్రమును జాకీతో ఎత్తుడు. చక్రము చర్రున తిరిగి మెలి విడిపోవును. అప్పుడు దగ్గరగా నిలువరాదు. ముందు వెనుకల టైర్లు వేర్వేరు కొలతలవైనచో ఈ మెలి మరింత త్వరగా పడును. టైర్ల లెక్కగూడ ఈ ఖాతాలోనిదే.

మరి యొక్కటి. కొన్ని పాత బండ్లలో గేరు లివరు క్రిందికొన అరిగి, తన గాడినుండి తప్పి, రెండు కడ్డీల నడుమ చిక్కుకొనును. బండి ఒక గేరులోనే నిలిచిపోవును. పెట్టె పగిలినదని భయపడి లారీమీద వేసి పట్టణమునకు పంపువారున్నారు. పైమూత విప్పి, స్క్రూడ్రైవరుతో ఆ కడ్డీల గాళ్లను న్యూట్రల్‌లో ఒకదాని కెదురుగా ఒకటి చేర్చి, లివరును మరల దించిన చాలును, ఇల్లు చేరవచ్చును. లివరు కొనను వెల్డింగుతో నింపించి, ఆకురాయితో సరిచేయించుట తరువాతి పని.

సభ ముగిసిన వెనుక ప్రశ్నలున్నవారు రావలెను. బావగారి జీపు బయట వేపచెట్టు క్రింద నున్నది. డ్రైవరు చాపను, జాకీని, ఒక పోస్టుకార్డును తెచ్చియున్నాడు.