బాగున్న రోడ్డుకే ముందు ఖర్చు

పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు రేపు రోడ్ల శాఖలోనో, మున్సిపాలిటీలోనో, కాంట్రాక్టరు దగ్గరో పనిచేస్తారు. అందుకని ఒక్క మాటే చెబుతాను. రోడ్ల స్థితిని సర్వే చేసి, ఏ పని ముందో తేల్చే నిర్వహణ వ్యవస్థ మన దగ్గర నిలదొక్కుకోకపోవడానికి అసలు కారణం యంత్రాల కొరతో, సాఫ్ట్‌వేర్ కొరతో కాదు. రోడ్డు పూర్తిగా పాడయ్యాకే ఫైలు కదిపే అలవాటు.

పెద్దాపురం పక్కనుంచి పోయే ఏడీబీ రోడ్డు మీద కాకినాడ వైపు వెళ్లే లారీలను చూడండి. 1958-60 మధ్య అమెరికాలో రాష్ట్ర రహదారి అధికారుల సంఘం (ఆషో) జరిపిన రోడ్డు పరీక్షల ప్రకారం ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు 16 రెట్లవుతుంది. దానికి తోడు దిగువన డెల్టాలో ఉన్నది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. తారు మీద వెంట్రుకంత చీలిక పడుతుంది. రోడ్డు పక్క మట్టి మార్జిన్ ఎత్తుగా ఉంటే వాన నీరు పక్కకు పోక అందులోకే దిగుతుంది. లారీ చక్రం పడ్డప్పుడల్లా ఆ చీలికలోంచి బురదనీరు పైకి చిమ్ముతుంది, అడుగున కంకర కదులుతుంది. మరుసటి వర్షాకాలానికి అక్కడ గుంత. చీలిక దశలోనే పూడ్చి, మార్జిన్ చెక్కేస్తే పోయే పని అది. 85 దేశాల రోడ్లు పరిశీలించి ప్రపంచ బ్యాంకు 1988లో తేల్చింది కూడా ఇదే: 1,200 కోట్ల డాలర్లతో సకాలంలో నిర్వహణ చేసి ఉంటే 4,500 కోట్ల డాలర్ల రోడ్లు మిగిలేవి.

‘ఉన్న గుంతలకే డబ్బు లేదు, సర్వేలెందుకు?’ అంటారు. డబ్బు తక్కువైనప్పుడే ఏది ముందన్నది లెక్క తేలాలి. ఇంకో అభ్యంతరం బలమైనది: గుంతల్లో జనం పడుతుంటే, బాగున్న రోడ్డుకు తారు పూస్తారా అని ఊరు నిలదీస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. ప్రాణాలు తీసే గుంత ముందు పూడాల్సిందే. కానీ నిధులన్నీ గుంతలకే పోస్తే, ఈ ఏడాది బాగున్న రోడ్లు వచ్చే ఏడాది అదే వరుసలో చేరతాయి. అందుకే ముందు జాగ్రత్త పనులకు ఒక వాటా విడిగా, ముట్టుకోకుండా ఉంచాలి. ఇది జరగని పని కాదు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకు ఐదేళ్ల నిర్వహణను కాంట్రాక్టులోనే కలిపారు.

రేపు మీరు రాసే కొలతల మీదే ఆ వాటా ఎటు పోవాలో తేలుతుంది. ఆఫీసులో కూర్చుని పాత అంకెలు తిరగరాయకండి. రోడ్డు మీద నడిచి, చూసింది చూసినట్టు రాయండి.